తలకు కుట్లున్న డిఫెండర్‌ను ఫార్వర్డ్‌లో ఆడించిన రహీం సాబ్

1962 జకార్తా ఏషియాడ్ (ఆసియా క్రీడలు) ఫుట్‌బాల్ ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా, గ్రూప్ మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టే. స్టేడియం నిండా జనం, అందరూ మనకు వ్యతిరేకం, ఎందుకంటే ఇజ్రాయెల్, తైవాన్‌లను ఈ ఆటలకు ఇండోనేషియా ఎందుకు రానివ్వలేదని మన అధికారి ఒకాయన నిలదీశాడు, దాంతో అక్కడివాళ్లకు మనమీద పీకలదాకా కోపం. పైగా డిఫెన్స్‌లో మన పెద్ద దిక్కు జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. మన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మాత్రం అతన్ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌లో, అంటే గోల్స్ కొట్టే చోట, పెట్టాడు! జర్నైల్ సెమీస్‌లోనూ గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. ఇంకో గోల్ పీకే బెనర్జీది. 2-1, గోల్డ్ మనదే.

రహీం సాబ్ హైదరాబాద్ మనిషి, మొదట స్కూల్ టీచర్. ఆయన గొప్పతనమంతా అక్కడే ఉందని నా నమ్మకం, ఎవరికి ఏది ఎలా నేర్పాలో ఆయనకు తెలుసు. కుర్రాళ్లకు టోర్నమెంట్లు పెట్టి డ్రిబ్లింగ్ (బంతిని కాలితో తోసుకుంటూ పోవడం) చేయకూడదనేవాడు, లేదంటే అలవాటు లేని కాలితోనే ఆడమనేవాడు. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది.

ఇండియా టీమ్‌తో 1951లోనే ఏషియాడ్ గోల్డ్ తెచ్చాడు, కానీ మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం, మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు మరి. అదే కోచ్ నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డమీదే 4-2తో ఓడించి మన జట్టును ఒలింపిక్ సెమీస్‌కు తీసుకెళ్లాడు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టింది ఆ మ్యాచ్‌లోనే.

జకార్తా నాటికే ఆయన్ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో పోయాడు, వయసు 53. ఆ తర్వాత ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో మనకు దక్కింది 1970 కాంస్యం ఒక్కటే.

మా అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండ్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే సార్లకూ, జిల్లాలో స్కూళ్ల పీఈటీ సార్లకూ నేను అడిగేది ఒక్కటే. మాంచెస్టర్ యునైటెడ్ పాత కోచ్ ఫెర్గూసన్ గురించి పిల్లలకు వాళ్ల ఫోన్లే చెప్తాయి, రహీం సాబ్ గురించి మీరు చెప్పండి. కుడికాలి వాటం పిల్లలకు ఎడమకాలితోనే ఆడాలని రూల్ పెట్టి ఈ సెలవుల్లో ఒక్క టోర్నమెంట్ జరపండి సార్, గ్రౌండ్‌కు సున్నం గీతలు గీయడానికి నేనూ వస్తాను.