రాజ్‌దూత్ 350: పాత ఇంజను విప్పించాలా, వేరేది కొని వేయాలా?

మా రాజ్‌దూత్ 350 మోటారు సైకిలు ఇంజను ఫ్రేములోంచి దిగింది. ఇప్పుడు విజయవాడ పటమటలో మా ఇంటి వసారాలో చెక్కబల్ల మీద కూర్చుంది. ఇంతలో గుంటూరులో ఒకాయన దగ్గర ఇంకో ఇంజను అమ్మకానికి ఉందని తెలిసింది. "తీసుకెళ్ళి బిగించండి, కిక్కు కొట్టండి, అంతే" అంటున్నారు ఆయన. అంత తేలికైతే దేశంలో ఇన్ని 350లు గోనెసంచుల కింద ఎందుకు పడి ఉంటాయి?

కొత్తగా చదివేవారి కోసం రెండు ముక్కలు. యమహా ఆర్డీ 350ని ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి రాజ్‌దూత్ పేరుతో ఇక్కడ తయారుచేసింది. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, 347 సీసీ, ఆరు గేర్లు. మొదట వచ్చిన హెచ్‌టీ (హై టార్క్) రకం 30.5 హార్స్‌పవర్ ఇచ్చేది. మైలేజీ కోసం గొంతు నొక్కిన ఎల్‌టీ (లో టార్క్) రకానిది 27. నాది ఎల్‌టీ.

జబ్బు లక్షణాలు రెండు. బండి వేడెక్కాక యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం దిగిరాదు. కుడి సైలెన్సరు తెల్లపొగ ఆపదు, గేరుబాక్సులో నూనె తగ్గుతూ ఉంటుంది. టూ స్ట్రోకులో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే గదే గాలినీ పెట్రోలునూ పీల్చి పైకి తోసే పంపు. దానికి రెండు చివర్లా ఉండే ఆయిల్ సీళ్ళలో (గాలి, నూనె దాటకుండా ఆపే రబ్బరు రింగులలో) ఎడమది కారితే బయటి గాలి లోపలికి వస్తుంది, మిశ్రమంలో పెట్రోలు పలచబడి, వేడికి పిస్టన్ సిలిండరులో బిగుసుకుని పట్టేస్తుంది. కుడిది కారితే క్లచ్ వైపు నూనె లోపలికి వెళ్ళి పొగవుతుంది. నాకు రెండూ ఉన్నట్లే అనిపించింది, అయినా పరీక్షించకుండా డబ్బు ఖర్చు పెట్టకూడదు.

పరీక్షకు ఇంట్లో ఉన్న పాత బీపీ మిషను పనికొచ్చింది. దాని గడియారం మీద 300 గీత దగ్గర ఉండే ఒత్తిడి 6 పీఎస్ఐకి (టైర్లలో గాలి కొలిచే లెక్క) కాస్త తక్కువ, ఈ పనికి కావలసిందీ అంతే. సైలెన్సర్లు బిగించే చోట లారీ ట్యూబు రబ్బరు, దాని మీద రేకు పెట్టి బోల్టులు వేశాను. కార్బురేటర్ల చోట ఒకదానికి గట్టి బిరడా, రెండోదానికి మధ్యలో గొట్టం దూర్చిన బిరడా. రెండు సిలిండర్లనూ కలిపే మూయాలి, ఎందుకంటే మధ్యలో ఉండే సీలు ఇంజను ఆగి ఉన్నప్పుడు గాలిని పూర్తిగా ఆపలేదు. కంప్రెసరు మాత్రం వాడకండి, మంచి సీళ్ళు కూడా చోటు తప్పుతాయి. మిషను రబ్బరు బల్బు నొక్కి ముల్లును 280 దాకా తెచ్చి వదిలాను. నిమిషానికి ఒక పీఎస్ఐ, అంటే 50 గీతలు, తగ్గడమే ఎక్కువ అంటారు. నాది చూస్తుండగానే వందకు దిగిపోయింది. ఆల్టర్నేటరు తీసి ఎడమ సీలు చుట్టూ సబ్బునీళ్ళు రాస్తే సన్నటి బుడగలు వరసగా లేచాయి. గేరుబాక్సు నూనె పోసే రంధ్రం మీద సబ్బునురుగు పెడితే అదీ ఉబ్బింది. అంటే కుడిదీ పోయింది.

సీళ్ళ వరకే అయితే ఈ కథ ఇక్కడే ముగిసేది. సిలిండర్లు పైకి తీశాక పిస్టన్‌ను క్రాంకుకు కలిపే ఎడమ కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని కదిపాను. పక్కలకు కాస్త ఊగడం సహజం, పైకీ కిందికీ ఏమాత్రం కదలకూడదు. ఇది కదిలింది, చిన్నగా 'టక్' మంటోంది కూడా. పిస్టన్ నెత్తిన చూస్తే 1.00 అని ముద్ర. ఈ ఇంజను అసలు బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 64 మి.మీ. పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ 65 వరకు వెళ్ళవచ్చు. నాది ఆ చివరి మెట్టు మీదే ఉంది. ఇక బోరు కొట్టించడానికి ఇనుము మిగల్లేదు, స్లీవులు, అంటే సిలిండరు లోపల కొత్త గొట్టాలు, వేయించాలి.

అందుకే గుంటూరు వెళ్ళాను. లక్ష్మీపురంలో ఒక షెడ్డులో ఉంది ఇంజను. ఆయన మంచి మనిషి, హెడ్ విప్పి చూసుకోనిచ్చారు. పిస్టన్ల మీద 0.50, గోడల మీద గీతలు లేవు. నిజం చెప్పాలంటే నా మనసు జారింది. కానీ క్రాంకు సంగతి ఆయనకూ తెలియదు, సీళ్ళు ఎప్పటివో తెలియదు. పైగా ఆ ఇంజనుకు కాగితాలు లేవు. అడిగిన ధర నా మరమ్మతు అంచనాకు దాదాపు రెట్టింపు.

కాగితాల మాట తేలిగ్గా తీసుకోవద్దు. ఇంజను నంబరు క్రాంక్‌కేసు (క్రాంకు ఉండే పెట్టె) మీద ఉంటుంది, అదే ఆర్సీలోనూ ఉంటుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. అదే రకం ఇంజనే వేసినా నంబరు మారుతుంది కాబట్టి రవాణా శాఖ అనుమతి కావాలి. పదిహేనేళ్ళు దాటిన బండిని ఐదేళ్ళకోసారి తనిఖీకి తీసుకెళ్ళి ఆర్సీ పొడిగించుకోవాల్సిందే. కాగితం లేని నంబరుతో అక్కడికి వెళ్ళి ఏమని చెప్పను?

బాన్‌షీ ఇంజను వేయమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. అది యమహా నాలుగు చక్రాల బండిది. బోరు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) సరిగ్గా ఇవే, 64, 54 మి.మీ. కానీ నీళ్ళతో చల్లబడే ఇంజను, దానికి రేడియేటరు కావాలి, బిగించే చోట్లు వేరు. చూడటానికి బాగుంటుంది, నాకు మాత్రం వద్దు.

చివరికి తేల్చింది ఆటోనగర్‌లో లేత్ మేస్త్రి గారు. నా క్రాంక్‌కేసును వెలుతురులో అటూ ఇటూ తిప్పి, బేరింగులు కూర్చునే చోట గోరుతో గీకి చూసి అన్నారు: "కేసు బాగుంది బాబూ. ఆ గుంటూరు ఇంజను కొన్నా సీళ్ళ కోసం దాన్నీ విప్పాల్సిందే. విప్పేదేదో నీదే విప్పు." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ సిలిండర్లు మాత్రం ఇస్తారా అని గుంటూరు ఆయనను అడిగాను. విడిగా అమ్మనన్నారు. ఆయన తప్పేమీ లేదు.

కాబట్టి నా ఇంజనునే బాగుచేయిస్తున్నాను. క్రాంకు ప్రెస్సు మీద విప్పి కొత్త రాడ్లు, పిన్నులు, బేరింగులు వేయాలి. మధ్య సీలు మార్చడానికి ఇదొక్కటే అవకాశం. మళ్ళీ జతచేశాక డయల్ గేజీతో చూస్తే వంకర 0.03 మి.మీ. దాటకూడదు. ఎంత వచ్చిందో కాగితం మీద రాసి ఇవ్వండని అడిగాను. మొదట నవ్వారు కానీ ఒప్పుకున్నారు.

అసలు భయం స్లీవులతోనే. సిలిండరును బాగా వేడిచేసి చల్లటి స్లీవును జారవిడవాలి. బిగువు తక్కువైతే వేడి సిలిండరు బయట గాలి తగిలే రెక్కలకు అందదు. రోహిణి కార్తెలో రోళ్ళే పగిలే ఊళ్ళో గాలితో చల్లబడే ఇంజనుకు ఆ లోపం చాలు, పిస్టన్ పట్టేయడానికి. స్లీవులో పోర్టులు (మిశ్రమం, పొగ వెళ్ళే కన్నాలు) సిలిండరు పోర్టులతో అంచు తప్పకుండా కలవాలి. అంచులు అరగదీసి నున్నగా చేయకపోతే రింగు తట్టుకుని విరుగుతుంది. బోరు కొట్టేముందే పిస్టన్లు మేస్త్రి గారి చేతికివ్వాలి. కుడిదాన్ని కొలిచి కుడి సిలిండరుకు, ఎడమదాన్ని కొలిచి ఎడమకు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది మిశ్రమాన్ని ఇంకా పలచన చేస్తుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. అందుకే పెట్రోలు గొట్టాలు, కార్బురేటరు రబ్బరు భాగాలు కొత్తవి వేసి, కార్బురేటరులో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది పెట్టి మొదలుపెడతాను. ప్లగ్గుల రంగు చూశాక తగ్గించాలో వద్దో తెలుస్తుంది. క్రాంకు, సిలిండర్లు ఆటోనగర్‌లో ఉన్నాయి. పిస్టన్లు ఇంకా రావాలి.