ఈస్టర్‌లోపు అని గడువు పెట్టి మెదక్ వెళ్లాను

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఒక శనివారం తెల్లవారుజామున హన్మకొండ బస్టాండ్‌లో నేనూ నా భార్యా సిద్దిపేట బస్సు ఎక్కాం. ఆమె ఒళ్లో పులిహోర డబ్బా. నా ఒళ్లో ఒక గుడ్డ సంచి, అందులో నేను కుట్టిన మూడేళ్ల పిల్ల గౌను. ఆ పిల్ల నా మనుమరాలు. నేను ఇంతవరకు ఆమెను ఎత్తుకోలేదు, ఫోటోలోనే చూశాను.

కండక్టర్ ఆధార్ కార్డు చూసి నా భార్యకు జీరో టికెట్ కొట్టి, నా దగ్గర డబ్బులు తీసుకున్నాడు. బస్సు కదలగానే కళ్లు మూసుకొని ప్రార్థన చేశాను. ఏం అడిగానో దాచను. "ప్రభువా, ఈస్టర్‌లోపు నా బిడ్డ నాతో మాట్లాడాలి" అన్నాను. తారీఖు కూడా మనసులో పెట్టుకున్నాను. పండుగ బట్టల ఆర్డర్‌కు గడువు చెప్పినట్టే దేవునికీ గడువు చెప్పాను.

నేను దర్జీని, మా చర్చి సంఘంలో పెద్దను కూడా. నాలుగున్నరేళ్ల కింద మా బిడ్డ తనకు నచ్చిన అబ్బాయిని పెళ్లి చేసుకుంది. ఆ అబ్బాయీ ప్రభువును నమ్మినవాడే, ఉద్యోగం ఉంది, చెడ్డ అలవాటు లేదు. వాళ్లది వేరే కులం, అంతే. "యేసుక్రీస్తునందు మీరందరును ఏకముగా ఉన్నారు" అని గలతీ పత్రిక మూడో అధ్యాయం ఎన్ని ఆదివారాలు నిలబడి చదివానో! చదివిన నోటితోనే ఇంట్లో కులం మాట ఎత్తాను. మన సంఘాల్లో చాలా ఇళ్లల్లో జరిగేదే ఇది. ప్రభువు బల్ల దగ్గర ఒక్కటే రొట్టె తింటాం, పెళ్లి మాట వచ్చేసరికి ఎవరి లెక్క వాళ్లు తీస్తాం. దీన్ని నేను ఇతరుల తప్పుగా చెప్పడం లేదు. నా తప్పు ఇది.

పెళ్లైన మూడో రోజు బిడ్డ మా దుకాణానికి వచ్చింది. గడప అవతల నిలబడి "బాపూ" అని పిలిచింది. నేను మిషన్ మీద నుంచి తల ఎత్తలేదు. మళ్లీ "బాపూ" అంది. నేను ఇంకా గట్టిగా తొక్కాను. కొంతసేపటికి గడప దగ్గర నీడ పోయింది. అప్పుడు చూసుకుంటే సూదిలో దారం లేదు. చొక్కా చెయ్యి పొడుగునా వరుసగా రంధ్రాలు పడ్డాయి, ఒక్క కుట్టూ లేదు. ఆ చొక్కా గుడ్డకు నా చేతి నుంచే డబ్బులు కట్టాను. బిడ్డకు మాత్రం ఫోన్ చేయలేదు. ఆ రోజు కాదు, ఆ ఏడాది కాదు, నాలుగేళ్లు చేయలేదు.

మొన్న క్రిస్మస్ ముందు ఆదివారం కానుక సంచి పట్టుకొని వరుసల మధ్య తిరుగుతున్నాను. మత్తయి ఐదో అధ్యాయం చదువుతున్నారు. నీ అర్పణము బలిపీఠము ఎదుటనే విడిచిపెట్టి, మొదట వెళ్లి సమాధానపడుము అనే మాట దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. సంచి పక్కవాళ్లకు ఇచ్చి బయటికి వచ్చి గోడకు ఆనుకొని ఏడ్చాను.

ఆ రాత్రే మెసేజ్ పెట్టాను. రెండు నీలి గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. మర్నాడు ఇంకోటి పెట్టాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాస్టర్ గారిని పంపాను, నా చెల్లెల్ని పంపాను. శుక్రవారాలు ఉపవాసం పట్టాను. బిడ్డ మా చెల్లెలితో అన్నది ఒక్కటే మాట: "అత్తా, నాకు కొంచెం టైమ్ కావాలె." ఆ మాట విని నాకు కోపం వచ్చింది. తండ్రినై ఉండి దిగివచ్చి క్షమాపణ అడిగితే ఇంకా టైమ్ ఎందుకు అనుకున్నాను. మెదక్ పెద్ద చర్చికి వెళ్లి మొక్కుకుంటే దేవుడే ఆమె మనసు తిప్పుతాడని బయలుదేరాను.

హుస్నాబాద్ దాటాక తెల్లారింది. దారి పక్కన మోదుగలు ఆకులన్నీ రాల్చి ఒట్టి పూలతో నిలబడ్డాయి. సిద్దిపేటలో దిగి చాయ్ తాగి, మెదక్ బస్సు పట్టుకున్నాం. రామాయంపేట మీదుగా వెళుతుంటే ఊరు రాకముందే చర్చి శిఖరం కనిపిస్తుంది. 175 అడుగుల ఎత్తు. నా చిన్నప్పుడు మా నాయిన భుజం మీద కూర్చొని మొదటిసారి చూసింది ఇక్కడి నుంచే. ఇప్పుడు చూసినా గుండె అట్లనే కొట్టుకుంది.

ఈ మందిరం కథ మా ఇళ్లల్లో అందరికీ తెలుసు. రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఇంగ్లాండ్ నుంచి వచ్చిన మెథడిస్ట్ మిషనరీ. కరువు రోజుల్లో జనానికి ఊరికే పెట్టడం కాకుండా పని కల్పించి అన్నం పెట్టాలని ఈ కట్టడం మొదలుపెట్టించారు. 1914లో మొదలై పదేళ్లు సాగింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. వందేళ్లు నిండిపోయాయి. తట్టలు మోసిన కూలీల పేర్లు మనకు తెలియవు, కానీ వాళ్లు ఆ రోజు తిన్న అన్నం ఈ రాళ్లల్లో ఉందని మా నాయిన అనేవాడు.

లోపల ఆ మధ్యాహ్నం జనం పెద్దగా లేరు. వెనుక వరుసలో కూర్చున్నాం. మెదక్ వెళ్లినవాళ్లందరూ చూసేవి ఆ మూడు రంగు అద్దాల కిటికీలు: బలిపీఠం వెనుక క్రీస్తు పరలోకానికి ఆరోహణం, పడమట క్రీస్తు జననం, తూర్పున సిలువ. బయటి ఎండ పడితేనే వాటిలో బొమ్మ కనిపిస్తుంది. పొద్దు గూకితే లోపల ఎన్ని లైట్లు వేసినా రాదు. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నా ఆ మూడూ ఒక్కసారే పెట్టారనుకునేవాణ్ని. పక్క వరుసలో ఒక పెద్దమనిషి తనతో వచ్చిన పిల్లలకు చెబుతుంటే విన్నాను. ఆరోహణం 1927లో పెట్టారట, జననం 1947లో, సిలువ 1958లో. పోస్నెట్ గారు 1950లోనే కన్నుమూశారు. అంటే మందిరం కట్టించిన మనిషి మూడో కిటికీని ఇక్కడ చూడనేలేదు.

ఆ లెక్క విన్నాక నేను చేసిన ప్రార్థన నాకే గుచ్చుకుంది. ఈస్టర్‌కు ఇంక మూడు వారాలే ఉంది.

బైబిల్ తెరిస్తే 27వ కీర్తన చివర "యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము" అని ఉంది. ఎన్నిసార్లు చదివానో! ఆ రోజు ఆ "కనిపెట్టుకొని" దగ్గర ఆగాను. మా అమ్మ పొలం పోతూ "చెల్లెను కనిపెట్టుకొని ఉండు" అని నాకు చెప్పేది. అంటే చెల్లె లేచేదాకా గడియారం చూస్తూ కూర్చోమని కాదు. ఈగ వాలకుండా చూడమని, నిద్ర చెడగొట్టొద్దని, లేస్తే దగ్గర ఉండమని. నేను మూడు నెలలుగా చేస్తున్నది అది కాదు. నిద్రపోయే పిల్లను మాటిమాటికి తట్టి "లేస్తవా, లేస్తవా" అని అడుగుతున్నాను.

నా భార్య అప్పుడు అడిగింది, "దేవున్ని ఏం అడిగినవ్?"

చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు.

"ఆ పిల్ల నాలుగేండ్లు నీ ఫోన్ కోసం చూసింది. కాన్పు నొప్పులల్ల కూడా బాపు వస్తడా అని అడిగింది నన్ను. నీకు మూడు నెల్లకే ఓపిక అయిపాయె."

కాన్పు సంగతి నాకు తెలియదు. ఆమె ఇన్నాళ్లు చెప్పలేదు. చెప్పి ఉంటే అప్పుడు నేను వినే మనిషినీ కాదు.

"యాకోబు అన్న ఏశావును మోసం చేసిండు, అయినా ఏశావు ఉరికొచ్చి మెడ మీద పడ్డడు. అది నిజమే గదా" అన్నాను, ఏదో ఒక ఆధారం కోసం.

"ఉరికొచ్చిండు. యాకోబు గుంజుకొస్తే రాలే గదా. ఇరవై ఏండ్లు అయినంక, ఆయన మనసుకు వచ్చినప్పుడు వచ్చిండు. ఆ తర్వాతది కూడా చదువు."

చదివాను. ఆదికాండం 33లో ఏశావు కలిసి పోదాం పద అంటాడు. యాకోబు మాత్రం తొందర చేయడు. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, వడిగా తోలితే ఒక్క దినానికే చస్తాయి, పిల్లలు నడవగలిగినంత మెల్లగానే నేను వస్తాను అంటాడు. కౌగిలింత దాకా ఎన్నోసార్లు ప్రసంగాల్లో విన్నాను. దాని తర్వాత ఉన్న ఈ మెల్లటి నడక మీద నేనెప్పుడూ మనసు పెట్టలేదు. పిల్ల నడక ఎంతో అంతే. నా బిడ్డకు దెబ్బ కొట్టింది నేను. ఎన్ని రోజుల్లో మానాలో చెప్పే హక్కు కొట్టినవాడికి లేదు. కృప అంటే నేను అడగ్గానే రావాల్సిన బాకీ అనుకున్నాను ఇన్నాళ్లు.

మోకాళ్ల మీద కూర్చొని గడువు వెనక్కి తీసుకున్నాను. "ప్రభువా, ఆమెను తొందరపెట్టకు. నన్ను నిలబెట్టు" అన్నాను. అంతకంటే మాటలు రాలేదు. తల ఎత్తేసరికి తూర్పు కిటికీ మసక బారింది. ఎండ అటు తిరిగి పడమటి అద్దంలో పశువుల తొట్టి దగ్గరి పసిబిడ్డ వెలుగుతున్నాడు.

గౌను బలిపీఠం దగ్గర పెడదామని తెచ్చాను. నా భార్య సంచిలోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. కొలతలు లేకుండా, ఫోటో చూసి అందాజ మీద కుట్టింది అది. అంచు మడత విప్పి, "లోపల ఇంత గుడ్డ వదిలినవేంది?" అంది.

"ఎప్పుడు తొడుగుతదో తెల్వదు గదా. రెండు అంగుళాలు వదిలిన. పెద్దగైతే విప్పి దించుకోవచ్చు."

ఆమె నా ముఖం చూసింది. గౌను మడిచి మళ్లీ సంచిలోనే పెట్టింది. "ఇంట్ల ఉండనీ" అంది.

సాయంత్రం తిరుగు బస్సు రామాయంపేటలో ఆగి ఉంది. కిటికీ దగ్గర పల్లీలు అమ్మేవాళ్ల కేకలు. నా భార్య ఫోన్ మోగింది. బిడ్డ ఫోన్ వస్తే ఆమె ఎప్పుడూ లేచి దూరం పోయి మాట్లాడుతుంది, ఇంట్లోనైతే వెనుక వాకిట్లోకి పోతుంది. ఈసారి లేవలేదు. నా పక్కనే కూర్చొని, "మెదక్ పోయొస్తున్నం బిడ్డా. బాపు ఇక్కడ్నే ఉన్నడు" అంది.

అటు నుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. ఫోన్ నాకు ఇవ్వమని అడగాలని నోటి దాకా వచ్చింది. రెండు చేతులూ సంచి మీద పెట్టుకొని ఊరుకున్నాను.

నా భార్య నా వైపు తిరిగింది. "షుగర్ గోలీలు టైమ్‌కు ఏసుకుంటున్నవా అని అడుగుతాంది."

"ఏసుకుంటున్న అని చెప్పు" అన్నాను.

చెప్పింది.