ముందు తెర కనబడాలి

పోయిన శనివారం రాత్రి పదకొండు దాటాక మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడు అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోర్సు చేస్తున్నాడు. సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి కొనుక్కుని అందులో లినక్స్ వేసుకున్నాడు. "మామా, ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వస్తుంది, మెనూ వస్తుంది, ఆ తర్వాత అంతా నలుపే. ఒక షాపులో చూపిస్తే గ్రాఫిక్స్ కార్డు పోయింది, మార్చాలన్నారు" అన్నాడు. సోమవారం ప్రాజెక్టు చూపించాలట, గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది.

మెనూ మచ్చ లేకుండా, గీతలు పడకుండా కనబడుతోందా అని అడిగాను. కనబడుతోందన్నాడు. "అయితే డబ్బులు తీయకు, ఆగు" అన్నాను. మెనూలో ఈ అనే అక్షరం నొక్కించి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర నోమోడ్‌సెట్ (కార్డు అసలు డ్రైవర్‌ను పని మొదలుపెట్టనివ్వొద్దని చెప్పే మాట) అని టైప్ చేయించి, కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కమన్నాను. కాసేపటికి డెస్క్‌టాప్ వచ్చింది. బొమ్మ అడ్డంగా కొంచెం సాగినట్టుందన్నాడు, సైజు మార్చబోతే ఒక్కటే ఆప్షన్ ఉందన్నాడు. ఉండనీ. ఏం తప్పు జరిగిందో చదవడానికి తెరంటూ ఒకటి దొరికింది.

ఆ తెరను అప్పుడు నడిపింది వాడి కార్డు కోసం రాసిన డ్రైవర్ కాదు, కంప్యూటర్ ఆన్ కాగానే వెలిగిన తెరనే అలాగే వాడుకునే ఒక చిన్న డ్రైవర్. దాని గురించే ఈ పోస్టు, ఎందుకంటే ఏ కార్డు ఎన్ని ఫ్రేములు ఇస్తుందో గంటలు గంటలు మాట్లాడుకునే మనం ఈ చిన్న డ్రైవర్ గురించి ఒక్క మాట కూడా అనుకోం.

కంప్యూటర్ ఆన్ కాగానే తెరను మొదట వెలిగించేది మదర్‌బోర్డులోనూ కార్డులోనూ ముందే రాసి ఉండే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామ్. ఇప్పటి యూఈఎఫ్ఐ (కొత్త తరం ఫర్మ్‌వేర్) మెషీన్లలో దీనికి గ్రాఫిక్స్ అవుట్‌పుట్ ప్రోటోకాల్ అని ఒకటి ఉంది, జీఓపీ అంటారు. లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ బూట్ అయ్యే తొలి క్షణాల్లో ఈ జీఓపీని అడిగి ఐదు ముక్కలు రాసుకుంటుంది: తెర మెమరీ ఏ అడ్రస్ దగ్గర మొదలవుతుంది, వెడల్పెంత, ఎత్తెంత, ఒక వరసకు ఎన్ని బైట్లు, పిక్సెల్‌లో రంగులు ఏ క్రమంలో ఉన్నాయి. ఆ తర్వాత ఫర్మ్‌వేర్ బూట్ సేవలకు సెలవు చెప్పేస్తుంది, ఇక జీఓపీని పిలవడం కుదరదు. మావాడికి సైజు మారకపోవడానికి కారణం ఇదే. ఉన్న సైజులో, ఉన్న మెమరీలో పిక్సెళ్లు రాయడం ఒక్కటే మిగులుతుంది. రెండో మానిటర్ రాదు, బొమ్మను కార్డు గీయదు కాబట్టి ప్రాసెసరే గీసుకోవాలి.

ఇంత తక్కువ పనే కదా, ఇందులో కష్టమేముంది అనిపిస్తుంది. ఆ ఒక వరసకు ఎన్ని బైట్లు అన్నదాన్నే చూడండి. 1366 పిక్సెళ్ల వెడల్పు, పిక్సెల్‌కు 4 బైట్లు అంటే 5464 బైట్లు. కానీ వరస పొడవు 64తో భాగించబడాలని ఫర్మ్‌వేర్ అనుకుంటే అది 5504 అవుతుంది, చివరి 40 బైట్లు తెరమీద కనబడవు. డ్రైవర్ ఆ 40ని లెక్కలోకి తీసుకోకపోతే ప్రతి వరసా కొంచెం కొంచెం పక్కకు జరిగి బొమ్మంతా ఏటవాలుగా వాలిపోతుంది. మొదటిసారి నేను అలాంటి తెర చూసినప్పుడు నిజంగానే కేబుల్ పాడైందనుకుని మార్చాను.

వేగం సంగతీ ఉంది. 1920 బై 1080 తెర ఒక్కసారి నింపాలంటే 82,94,400 బైట్లు కావాలి. సెకనుకు 60 సార్లు అంటే దాదాపు 50 కోట్ల బైట్లు ప్రాసెసర్ మోయాలి. అందుకని ఇప్పటి డ్రైవర్ బొమ్మను మామూలు ర్యామ్‌లో ఉంచుకుని, మారిన ముక్కను మాత్రమే అసలు తెర మెమరీలోకి కాపీ చేస్తుంది. గడియారంలో నిమిషం మారితే ఆ మూల మాత్రమే. ఫర్మ్‌వేర్ పిక్సెల్‌కు 16 బిట్లే ఇచ్చినా, పై ప్రోగ్రాములకు 32 బిట్లు ఉన్నట్టే చూపించి, కాపీ చేసేటప్పుడు మారుస్తుంది. ఇదంతా జరుగుతున్నట్టు వాడేవాడికి తెలియదు, తెలియకూడదు కూడా.

లినక్స్‌లో పాతకాలం నుంచీ ఈ పనికి ఈఎఫ్ఐఎఫ్‌బీ, వీసాఎఫ్‌బీ అనే డ్రైవర్లున్నాయి. అవి ఎఫ్‌బీడెవ్ అనే పాత పద్ధతివి, నల్ల తెరమీద తెల్ల అక్షరాలకు చాలు. కానీ ఇప్పటి డెస్క్‌టాపులు చాలావరకు వేలాండ్ అనే కొత్త ఏర్పాటు మీద నడుస్తాయి, వాటికి డీఆర్ఎం అనే కొత్త పద్ధతి డ్రైవర్ కావాలి. ఆ లోటు తీర్చాలని డేవిడ్ హెర్మన్ 2013లోనే సింపుల్‌డీఆర్ఎం పేరుతో ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపారు, అవి కెర్నెల్‌లోకి చేరలేదు. చివరికి థామస్ జిమ్మర్‌మన్ రాసిన సింపుల్‌డీఆర్ఎం 2021లో, కెర్నెల్ 5.14లో చేరింది. 2022లో ఫెడోరా 36 అనే లినక్స్ వెర్షన్ పాత ఎఫ్‌బీడెవ్ డ్రైవర్ల బదులు దీన్నే పెట్టుకుంది. పవర్‌పీసీ అనే వేరే రకం ప్రాసెసర్ మెషీన్ల కోసం ఓఎఫ్‌డీఆర్ఎం 6.2లో వచ్చింది. 2025లో 6.16తో ఈఎఫ్ఐడీఆర్ఎం, వీసాడీఆర్ఎం వచ్చాయి. ఇవి ఫర్మ్‌వేర్ ఇచ్చిన సమాచారాన్ని నేరుగా చదువుతాయి, మానిటర్ తన గురించి చెప్పుకునే ఈడీఐడీ ముక్క ఫర్మ్‌వేర్ దగ్గర ఉంటే దాన్నీ పైకి అందిస్తాయి. ఒక్క సైజు తప్ప మరోటి తెలియని డ్రైవర్ కోసం ఇన్నేళ్లు పట్టు వదలకుండా పనిచేసినవాళ్లంటే నాకు చాలా గౌరవం.

ఇక మావాడి తెర ఎందుకు నల్లబడింది? ఇక్కడే నాకు చాలా రోజులుగా మనసులో ఉన్న బాధ. ఫర్మ్‌వేర్ తెరను చిన్న డ్రైవర్ చూసుకుంటూ ఉంటుంది, కొంతసేపటికి కార్డు అసలు డ్రైవర్ వస్తుంది. ఇద్దరూ ఒకే మెమరీలో రాస్తే గందరగోళమే కాబట్టి అసలు డ్రైవర్ ముందు చిన్నదాన్ని ఖాళీ చేయిస్తుంది. అందులో తప్పు లేదు, ఇల్లు దానిదే. కానీ ఖాళీ చేయించాక చూసుకుంటే తాను కార్డులోకి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు (మదర్‌బోర్డుది కాదు, ఇది వేరు) డిస్క్‌లో లేదు. అప్పుడది పని మానేసి వెళ్లిపోతుంది. పాతది లేదు, కొత్తది లేదు, తెరకు దిక్కు లేదు. ఇక్కడ హైదరాబాద్‌లో అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు: సొంతవాళ్లు దిగుతారని చెప్పి మనల్ని ఖాళీ చేయిస్తారు, ఆర్నెల్ల తర్వాత అటుగా వెళ్తే గేటుకు ఇంకా టులెట్ బోర్డే వేలాడుతుంటుంది.

డ్రైవర్ రాసేవాళ్లు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఫైళ్లున్నాయా, ఈ కార్డు మోడల్ తనకు తెలుసా, ముందు అవి చూసుకుని, అన్నీ సరిపోయాకే చిన్న డ్రైవర్‌ను కదిలించాలి. కొన్ని డ్రైవర్లు ఇప్పటికే ఆ వరసలోకి మారాయి, అన్నీ మారాలి. ఆఫీసులో ఎవరైనా ఇది అరుదుగా జరిగేదే కదా అంటే నేను ఊరుకోలేను. అరుదుగా జరిగినా అది జరిగేది లోపం చదవడానికి తెర కూడా లేనివాడికి, అదీ మొదటిసారి లినక్స్ వేసుకున్నవాడికి. వాడు లాగ్ (కెర్నెల్ ఏం జరిగిందో రాసుకునే చిట్టా) తీసి పంపలేడు. షాపుకే వెళ్తాడు, షాపువాడు కార్డు మార్చమంటాడు.

కెర్నెల్ 6.10 నుంచి డీఆర్ఎం పానిక్ అనేది కూడా ఉంది. కెర్నెల్ కుప్పకూలినప్పుడు ఆ సంగతి తెరమీద చెబుతుంది, దాన్ని మొదట అందుకున్న డ్రైవర్లలో సింపుల్‌డీఆర్ఎం ఒకటి. నాకిది చాలా నచ్చింది.

ఆదివారం పొద్దున్నే మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట వెళ్లాను. హాస్టల్ వైఫై లాగిన్ ఆ బ్రౌజర్‌లో సతాయించింది, ఫోన్ నుంచి యూఎస్‌బీ కేబుల్‌తో నెట్ ఇచ్చాం. కెర్నెల్ లాగ్ తెరిస్తే శనివారం నాటి బూట్‌లో అసలు డ్రైవర్ ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని స్పష్టంగా రాసి ఉంది. లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పాతది, కార్డు దానికన్నా కొత్తది. అప్‌డేట్ చేసి, నోమోడ్‌సెట్ లేకుండా మళ్లీ ఆన్ చేస్తే పూర్తి సైజులో తెర వచ్చింది. కార్డు బంగారంలా ఉంది.

ఆ రోజు నుంచి నా దగ్గరున్న మూడు మెషీన్లలో కొత్త కెర్నెల్ వేసిన ప్రతిసారీ అసలు డ్రైవర్‌ను కావాలని ఆపేసి ఒకసారి బూట్ చేస్తున్నాను, లాగిన్ తెర వస్తుందా లేదా అని. తర్వాత ఫర్మ్‌వేర్ ఫైలు పేరు మార్చి ఇంకోసారి. ఒకదాంట్లో నిన్న మళ్లీ నలుపే వచ్చింది, పక్క మెషీన్ నుంచి నెట్‌వర్క్ మీద లోపలికి వెళ్లి లాగ్ తీశాను, బగ్ రిపోర్టు సగం రాసి ఉంది, ఈ రాత్రికి పూర్తి చేసి పంపుతాను. మావాడు మాత్రం నోమోడ్‌సెట్ అని ఒక చీటీ మీద రాసి క్యాబినెట్‌కు టేపు వేసి అంటించుకున్నాడు.