నలభై అంకణాలు, వెనక ఒక వంక

మా నాయన 1996లో అవిలాల వైపు నలభై అంకణాల ప్లాటు కొన్నాడు. తిరుపతిలో అంకణం అంటే ఆరడుగులకు ఆరడుగులు, 36 చదరపు అడుగులు. నెల్లూరులో 72. ఆ లెక్కలో ఊహించుకుని గృహప్రవేశానికి వచ్చిన మా నెల్లూరు మామ, ఇల్లు చూసి "మిగతా సగం ఎక్కడ బావా?" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుకుంటాం.

ప్లాటు చౌకగా రావడానికి కారణం వెనకున్న వంక. "వానొస్తే నాలుగు రోజులు పారతాది, అంతే" అన్నాడట మధ్యవర్తి. లేఅవుట్ కాగితంలో వంక లేదు, దాని చోట ఇరవై అడుగుల రోడ్డు గీసుంది. నాయనకు అది ఇంకా నచ్చింది. రెండు వైపులా రోడ్డని!

శేషాచలం కొండల మీద పడిన వాన కిందికి దిగి దక్షిణంగా స్వర్ణముఖికి పోవాలి. వెనకటికి దారిలో చెరువులు ఆపుకునేవి. ఒకటి నిండి మొరవ (అలుగు) పోతే నీళ్లు కింది చెరువుకు చేరేవి. ఇప్పుడు ఆ దారిలో మేమున్నాం. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరం 2.87 లక్షలు, చుట్టుపక్కల కలిపితే 4.6 లక్షలు. అంటే ఊరు హద్దు దాటి కూడా పెరిగింది, మాలాంటి చోట్లకు.

2021 నవంబరు 18న నీళ్లు వీధిలోంచి రాలేదు, వెనక బాత్రూం వైపు నుంచి వచ్చాయి. గంటలో మోకాళ్ల దాకా. మా ఆవిడ ఇంటి పత్రాల సంచీ ఫ్రిజ్ మీద పెట్టింది, కాసేపటికి ఫ్రిజ్జే ఒరిగింది. ఆ నెలలోనే శ్రీకృష్ణానగర్‌లో ఒకావిడ శుభ్రం చేస్తుండగా సిమెంటు రింగుల సంపు నేలలోంచి పైకి లేచింది. ఆమె ప్రాణాలతో బయటపడింది. ఏదో వింతని జనం చూడ్డానికి పోయారు. వింతేం లేదు. నేలంతా నీళ్లు తాగి ఉంది, లోపల సంపు ఖాళీగా ఉంది, ఖాళీ బిందె తేలినట్టు తేలింది.

తర్వాత పైవీధిలో ఒకాయన ప్రహరీ రెండడుగులు లేపాడు. పోయిన వానలకు ఆయన నీళ్లు కూడా మాకే వచ్చాయి. ఇక ఆగలేక నేనూ ఇంటి చుట్టూ గ్రావెల్ తోలించి ఎత్తు చేద్దామనుకున్నా. మూడో ట్రాక్టరు దించుతుంటే పల్లంలో ఉండే ఆమె గేటు దగ్గరికొచ్చి, కొంచెం సేపు చూసి అడిగింది.

"ఇంక మా ఇంట్లోకేనా అన్నా?"

నాలుగో ట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చేశాను. తెమ్మనాలో వద్దనాలో డ్రైవరుకు ఇంకా చెప్పలేదు.