నీళ్లలోనూ చెదరని జుట్టు

రాత్రి నిద్ర పట్టక లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ల పాత ఫొటోలు తిరగేస్తున్నా. 1989లో మూతపడిన హెరాల్డ్ ఎగ్జామినర్ పేపర్ ఫొటోలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. అందులో ఈత సినిమాల హాలీవుడ్ హీరోయిన్ ఎస్తర్ విలియమ్స్ కనిపించింది, ఇక పడుకున్నట్టే!

1939లో అమెరికా జాతీయ పోటీల్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచిన అమ్మాయి, 1940 ఒలింపిక్స్‌కి వెళ్లాల్సింది, యుద్ధం వచ్చి ఆ ఒలింపిక్సే రద్దయిపోయాయి. దాంతో బట్టల షాపులో ఉద్యోగం, తర్వాత ఈత షోలు, అక్కణ్నుంచి హాలీవుడ్ సినిమా స్టూడియో ఎమ్‌జీఎమ్.

ఫొటోల్లో ఆవిడ నీళ్లలోంచి తల ఎత్తితే ఒక్క వెంట్రుక చెదరదు, లిప్‌స్టిక్ చెదరదు. బేబీ ఆయిల్, వాసెలిన్ కలిపి జుట్టుకి పట్టించేవాళ్లట. (నేనైతే షవర్ కింద కళ్లు కూడా తెరవలేను.) ఆ నవ్వు చూసి అంతా సుఖమే అనుకుంటాం గానీ, 1952లో వచ్చిన 'మిలియన్ డాలర్ మెర్మెయిడ్' షూటింగ్‌లో నెత్తిన లోహపు కిరీటంతో చాలా ఎత్తు నుంచి దూకితే, నీళ్లు తగిలిన దెబ్బకి మెడ ఎముకలు విరిగి నెలల తరబడి కట్టులో ఉంది. హీరోయిన్‌కి డూప్ పెట్టొచ్చు కదరా బాబూ!

నాకు బాగా నచ్చింది మాత్రం 1984 సంగతి. సింక్రనైజ్డ్ స్విమ్మింగ్ (సంగీతానికి తగ్గట్టు ఒకే లయలో చేసే ఈత) మొదటిసారి ఒలింపిక్స్‌లో పతకాల పోటీగా వచ్చింది, అదీ ఆవిడ సొంత ఊరు లాంటి లాస్ ఏంజెలెస్‌లోనే. టీవీలో కామెంటరీ చెప్పింది ఎవరనుకున్నారు, ఈవిడే.