ఎడమ చెయ్యి ఇప్పుడు పొట్టిదైంది

నిన్న రాత్రి పదకొండింటికి నేనల్లుతున్న స్వెట్టర్ చేతుల్ని టేపు పెట్టి కొలిచాను. కుడి చెయ్యి 40 సెంటీమీటర్లు, ఎడమ చెయ్యి 39. పోయిన నెల ఇదే ఎడమ చెయ్యి కుడిదానికంటే 1.3 సెంటీమీటర్లు పొడుగు. మూడు వారాలు కూర్చుని పొడుగు చేతిని పొట్టి చేతిగా మార్చానన్నమాట. టేపు సాగిందేమోనని స్కేలు తెచ్చి మళ్లీ కొలిచాను. టేపు బాగానే ఉంది.

ఇదంతా మా ఆయన స్వెట్టర్ గొడవ. మెడ దగ్గర్నుంచి కిందికి అల్లే రాగ్లాన్, అంటే భుజం కుట్టు లేకుండా మెడ నుంచే చేతులు మొదలయ్యే రకం. మెడ మొదటిసారికే కుదిరింది. ఒళ్లు కొంచెం దిగింది కానీ ఆయన పొడగరి కాబట్టి సరిపోయింది. ఏడిపిస్తున్నవి చేతులే.

స్వాచ్ (కొలత కోసం ముందుగా అల్లి చూసే నమూనా ముక్క) అల్లలేదా అని అడిగేవాళ్ల కోసం: అల్లాను. 15 సెంటీమీటర్ల చదరం అల్లి, నానబెట్టి, తువ్వాల్లో చుట్టి నొక్కి, బల్ల మీద పరిచి ఆరబెట్టాను. 10 సెంటీమీటర్లకి 22 కుట్లు, 29 వరసలు వచ్చాయి. కఫ్ కాకుండా చెయ్యి 40 సెంటీమీటర్లు కావాలి, అంటే 116 వరసలు. చంకలో 64 కుట్లతో మొదలై, 11 వరసలకోసారి రెండేసి తగ్గిస్తూ వస్తే కఫ్ దగ్గర 44. లెక్క చక్కగా ఉంది. అల్లుతున్నప్పుడు 38.7 వచ్చింది. ఉతికితే ఆ కాస్తా సాగుతుందిలే అనుకున్నాను.

ఉతికాక కుడి చెయ్యి 43, ఎడమ చెయ్యి 44.3.

ఆయన తొడుక్కుని అద్దం ముందు నిలబడితే వేళ్ల కొసలు మాత్రం కనిపించాయి. "చేతులు బాగా పెంచావే" అన్నాడు. ఆ రోజు చేసిన బనానా కేక్ అద్భుతంగా పొంగింది కాబట్టి బతికిపోయాడు.

ఇక అనుమానాలు. మొదటిది ఊలు మీద. ఇది సూపర్‌వాష్ మెరినో. సూపర్‌వాష్ చేసేటప్పుడు ఊలు పోగు మీదుండే పొలుసుల అంచుల్ని క్లోరిన్‌తో నునుపు చేసి, పైన సన్నటి పాలిమర్ పూత పూస్తారు. అందుకే మెషీన్లో వేసినా గడ్డకట్టదు. కానీ ఆ పొలుసులే కదా ఒక కుట్టు పక్క కుట్టుని పట్టుకునేది! అవి నునుపైతే తడిసినప్పుడు జారుతుంది, బరువు ఎటు లాగితే అటు సాగుతుంది. ఈ మాట నాకు తెలియనిది కాదు. రంగు చూసి పడిపోయాను.

రెండో అనుమానం సూదుల మీద. స్వాచ్ నిట్‌ప్రో చెక్క సూదులతో, చేతులు చియాగూ స్టీలు సూదులతో అల్లాను, రెండూ 4 మిల్లీమీటర్లే. మ్యాజిక్ లూప్‌కి (పొడుగు కేబులున్న ఒకే జత సూదులతో చేతుల్లాంటి సన్నటి గొట్టాలు అల్లే పద్ధతి) చియాగూ ఎర్ర కేబుల్‌ని మించింది లేదని నా గట్టి నమ్మకం, మెలి తిరగదు. కానీ స్టీలు మీద నా చెయ్యి కొంచెం వదులవుతుంది. పైగా స్వాచ్‌ని అటూ ఇటూ తిప్పి ఉల్టా (తిరగేసిన కుట్ల) వరసలతో అల్లాను, చేతులు గుండ్రంగా. ఈ రెండూ కలిపినా మూడు సెంటీమీటర్లు తేడా వస్తుందంటే నమ్మబుద్ధి కాలేదు.

అసలు సంగతి పట్టించింది నా స్నేహితురాలు. "ఏమే, ఆ రోజు నేనొచ్చినప్పుడు టబ్‌లోంచి భుజాలు పట్టుకుని పైకెత్తి చూపించావు గుర్తుందా? నీళ్లు కారుతుంటే చేతులు పాముల్లా వేలాడాయి" అంది. గుర్తొచ్చింది. పొడిగా 540 గ్రాములున్న స్వెట్టర్, తువ్వాల్లో నొక్కాక కూడా 870 తూగింది. నీళ్లోడుతున్నప్పుడు ఎంతుందో! అందులో తమ వంతు బరువుకే ఆ రెండు చేతులూ కిందికి సాగాయి. (ఈ తూకాలన్నీ పిండి తూచే కాటా మీదే. అమ్మకి చెప్పకండి.)

పరీక్ష పెట్టాను. పాత స్వాచ్‌ని మళ్లీ తడిపి, పై అంచుకి రెండు క్లిప్పులు, కింది అంచుకి రెండు చెంచాలు కట్టి రాత్రంతా వేలాడదీశాను. పొద్దున్నకి 29 వరసల మేర 10 నుంచి 10.8 సెంటీమీటర్లకి దిగింది. అంటే 10 సెంటీమీటర్లకి 27 వరసలు, అచ్చం కుడి చెయ్యి లెక్క! స్వాచ్ అబద్ధమేం ఆడలేదు. దాన్ని పడుకోబెట్టి అడిగితే పడుకున్న జవాబే చెప్పింది.

మరి ఎడమ చేతిలో ఆ అదనపు 1.3 ఎక్కడిది? ఎడమ చేతి మీద, మోచేతికి కాస్త కింద, పళ్లెమంత గుంట, దాన్నిండా నారింజ రంగు వెంట్రుకలు. మా పిల్లి చిట్టి బరువు 4.2 కిలోలు. తడి బట్ట జోలికి పోదు కానీ, రెండో రోజు సగం ఆరాక ఎక్కి ఉంటుంది. ఎక్కిందంటే ఊరికే పడుకోదు, ముందు కాళ్లతో పది నిమిషాలు పిండి పిసికినట్టు పిసుకుతుంది. నా బ్రెడ్డు పిండిని నేనే అంత శ్రద్ధగా పిసకను. ఆ చేతిలో 10 సెంటీమీటర్లకి 26.2 వరసలే ఉన్నాయి.

ముందు డ్రయ్యర్ ప్రయత్నించాను. ఊలు లేబుల్ ఒప్పుకుంది కాబట్టి తక్కువ వేడిలో, ఒక తువ్వాలుతో కలిపి, 15 నిమిషాలు. కుడిది 41.8కి, ఎడమది 43కి వచ్చాయి. సంబరపడ్డాను. ఆయన ఒక్క రోజు తొడుక్కుని తిరిగేసరికి మళ్లీ 43, 44. పైన నూగు లేవడం ఒక్కటే మిగిలింది.

ఇక విప్పక తప్పలేదు. కఫ్‌లు విప్పేశాను. ఇక్కడే నా అతి తెలివి. కుడి చేతికి 108 వరసలుంచితే 40 వస్తుంది. ఎడమ చెయ్యి ఎక్కువ సాగింది కదా, దానికి 105 చాలనుకున్నాను. బల్ల మీద పక్కపక్కన పెడితే రెండూ సరిగ్గా 40. చివరి తగ్గింపు 110వ వరసలో ఉండేది, అది పోయింది కాబట్టి కఫ్‌కి ముందు వరసలో వేసి 44 చేశాను. ఎవరికీ కనిపించదు. కఫ్‌లు 3.5 సూదితో రెండు సుల్టా (మామూలు కుట్లు), రెండు ఉల్టా, 18 వరసలు. ఒక్కోదానికి గంటంపావు.

మళ్లీ ఉతికాను. ఈసారి టబ్‌లోంచి పెద్ద జల్లెడలోకి, జల్లెడలోంచి తువ్వాల్లోకి. ఒక్క క్షణం కూడా వేలాడనివ్వలేదు, గది తలుపు మూసి ఆరబెట్టాను. నీళ్లలో పడగానే చిట్టి చేసిన సాగుడంతా పోయి ఎడమ చెయ్యి కూడా కుడిదాని లెక్కకే వచ్చేసింది. 105 వరసలు, 10 సెంటీమీటర్లకి 27, అంటే 39. ఉతికితే పోయే సాగుడుకి నేను వరసలు కోశాను. టేపుని నమ్మకుండా వరసలు లెక్కపెట్టి ఉంటే ఈ పని పోయిన నెలలోనే అయిపోయేది.

ఇప్పుడు ఎడమ కఫ్ మళ్లీ విప్పి కూర్చున్నాను. మూడు వరసలు కలపాలి, అంతే. విప్పిన ఊలు నూడుల్స్‌లా వంకర్లు పోయి ఉంది. అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. అందుకని చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా ముడేసి, గోరువెచ్చటి నీళ్లలో అరగంట ముంచి తీశాను. వంకర్లు పోవడానికి చిలపకి బరువు కట్టమంటారు కొందరు. చెంచాల అనుభవం తర్వాత ఈ ఊలుకి మాత్రం కట్టను. కుర్చీ వీపుకి తగిలించాను, చిట్టికి అందకుండా కుర్చీని స్నానాలగదిలో పెట్టి గడియ వేశాను. ఇంట్లో ఎవరు స్నానానికెళ్లినా ముందు నా కుర్చీకి నమస్కారం పెట్టి వెళ్లాల్సిందే.

ఇది ఆరేలోపు ఖాళీ చేతులతో కూర్చోలేను. స్నేహితురాలి టోపీ మొదలుపెడుతున్నాను, జడల డిజైన్‌తో. సూపర్‌వాష్ వద్దు, మామూలు కాస్కేడ్ 220 ఊలు. 100 గ్రాముల్లో 200 మీటర్లొస్తుంది, టోపీకి ఒక్క చిలప చాలు. చేతికి కాస్త గరుకుగా తగిలినా పెట్టిన చోట ఉంటుంది. చిన్నపిల్లల బట్టలకి తప్ప సూపర్‌వాష్ ఎందుకో నాకర్థం కాదు, పెద్దవాళ్ల స్వెట్టర్ ఏడాదికి ఎన్నిసార్లు ఉతుకుతాం గనక.

టోపీ స్వాచ్‌ని గుండ్రంగానే అల్లుతాను. అది ఆరేటప్పుడు చిట్టికి అల్మరా మీద పాత స్వాచ్‌తో వేరే పరుపు వేసి చూస్తాను. ఆ చెంచాలు కట్టిన స్వాచ్ ఎలాగూ దేనికీ పనికిరాదు.