తునిలో రైలెక్కినదాన్ని

"కీమో ఎన్ని సైకిల్స్ అయ్యాయి టీచర్‌గారూ?" స్టాఫ్‌రూంలో అందరూ ముందు అడిగేది ఇదే. ఒక్కటీ లేదంటే నమ్మరు. క్యాన్సరంటున్నారు, మరి జుట్టు ఊడలేదేమిటని నా జడ వంక చూస్తారు. కిడ్నీ క్యాన్సర్‌కి మామూలు కీమో పెద్దగా పనిచేయదనీ, నాలాగా మొదటి స్టేజిలో దొరికితే ఆపరేషనే వైద్యమనీ చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అదేదో రాసిపెడదామని కూర్చున్నాను.

నాకు కిడ్నీ జబ్బు లక్షణం ఏదీ లేదు. భోజనం చేశాక కుడి డొక్కలో పట్టేస్తుంటే, గాల్‌బ్లాడర్‌లో రాళ్ళేమో చూద్దామని మా డాక్టరు అల్ట్రాసౌండ్ రాశారు. రాళ్ళు ఉన్నాయి. వాటితోపాటు, ఎవరూ అనుమానించని ఎడమ కిడ్నీలో మూడు సెంటీమీటర్లు దాటిన గడ్డ ఒకటి కనిపించింది. స్కానింగ్ చేస్తున్న అమ్మాయి ఆ పక్కే మళ్ళీ మళ్ళీ నొక్కుతూ, "ఆంటీ, ఇంకోసారి ఊపిరి బిగపట్టండి" అంటుంటేనే ఏదో ఉందని తెలిసిపోయింది. తర్వాత కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి, ఫిల్ములో గడ్డ స్పష్టంగా కనపడటానికి కాంట్రాస్ట్ అనే మందు ఎక్కించి సీటీ తీశారు. ఆ మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కి, బట్టలు తడిపేసుకున్నామేమో అనిపిస్తుంది. ఆ సంగతి ముందే ఒక్క ముక్క చెప్తే వీళ్ళ సొమ్మేం పోతుందో!

రిపోర్టు చూసి మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. 1990ల్లో మా మామగారిదీ ఇదే జబ్బు మరి. ఆయన చుట్ట కాల్చేవారు. ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. వేడి చేసిందన్నారు ఇంట్లో అందరూ. బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు తాగించారు. రక్తం ఆగిపోయింది కూడా. ఈ జబ్బులో రక్తం అలా వస్తూ పోతూ ఉంటుందనీ, ఆగితే తగ్గినట్టు కాదనీ అప్పుడు మాలో ఎవరికి తెలుసు? మళ్ళీ వచ్చాక విశాఖ తీసుకెళ్తే అప్పటికే ఊపిరితిత్తులకి పాకింది. ఏడాది తిరక్కుండా పోయారు.

పాత వైద్య పుస్తకాల్లో ఈ జబ్బుకి మూడు గుర్తులు చెప్పేవారట: డొక్కలో నొప్పి, మూత్రంలో రక్తం, చేతికి తగిలే గడ్డ. మూడూ కలిసి ఉండే రోగులు ఇప్పుడు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. సగానికి పైగా నాలాగే వేరే దేనికో స్కానింగ్‌కి వెళ్ళి బయటపడుతున్నవాళ్ళే.

మొదట చూపించుకున్న చోట కిడ్నీ మొత్తం తీసేద్దామన్నారు. "ఒక్కటున్నా హాయిగా బతికేయొచ్చమ్మా" అని ఎంతో తేలిగ్గా. ఏళ్ళ తరబడి బీపీ మాత్ర మింగుతున్న మనిషికి అది తేలిక సంగతి కాదని మెడికల్ పీజీ చేస్తున్న మా చెల్లెలి కొడుకు పట్టుబట్టి హైదరాబాద్ తీసుకెళ్ళాడు. అక్కడి యూరాలజిస్టు ఫిల్ములు చూసి, గడ్డ నాలుగు సెంటీమీటర్ల లోపే ఉంది, అంచునే ఉంది, దాని మేరకు కోసి తీస్తే చాలన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఇంత చిన్న గడ్డల్లో దాదాపు ఐదింట ఒకటి క్యాన్సరే కాదట. క్యాన్సరైనవాటిలోనూ కొన్ని ఏళ్ళు గడిచినా పెద్దగా పెరగవట. "మీకు ఎనభై ఏళ్ళుండి, గుండెజబ్బు కూడా ఉంటే, స్కానింగులు చేస్తూ కనిపెట్టుకుని ఉందామనేవాణ్ణి. మీ వయసుకి తీయించుకోవడమే మంచిదమ్మా" అన్నారు. యాభై ఆరు కూడా ఒక్కోసారి చిన్న వయసేనన్నమాట.

పొట్టకి చిన్న చిన్న రంధ్రాలు పెట్టి చేసే లాప్రోస్కోపీలో తీశారు. కోసేటప్పుడు కిడ్నీకి రక్తం వచ్చే నాళాన్ని క్లిప్పుతో బిగించి, అరగంట లోపల గడ్డ తీసి, కుట్టు వేసి, మళ్ళీ వదలాలట. ఆ హడావుడి నాకేం తెలుసు, మత్తులో ఉన్నాను. తెలిసిందల్లా తర్వాతి భుజం నొప్పి. కోత పొట్ట మీదైతే భుజం పీకడమేమిటంటే, పొట్ట ఉబ్బించడానికి నింపిన గ్యాస్ వల్ల అట. మూడు బంతుల బొమ్మలాంటిదిచ్చి ఊపిరి లాగమంటారు. ఒక్క బంతి లేవడానికే కళ్ళనీళ్ళొచ్చాయి. మూత్రం గొట్టం (కెథెటర్) తీశాక లేచి వరండాలో నడిచాను. తీసిన గడ్డ బయాప్సీలో, కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే క్లియర్ సెల్ రకం అనీ, కణాల తీరు చూసి ఇచ్చే గ్రేడ్ రెండు అనీ, కోసిన అంచుల్లో క్యాన్సర్ ఏమీ మిగల్లేదనీ వచ్చింది. స్టేజి ఒకటి.

ఇంటి దగ్గర పడుకుని ఏం తోచక, మా చెల్లెలి కొడుకుని ఈ జబ్బు లెక్కలు పంపమన్నాను. లెక్కల టీచర్ని, వేరే కాలక్షేపం రాదు. అమెరికాలో 1973 నుంచీ సీర్ అనే రిజిస్ట్రీలో క్యాన్సర్లని స్టేజీలవారీగా రాసి పెడుతున్నారు. అక్కడ కిడ్నీ క్యాన్సర్ బయటపడ్డ వందమందిలో సుమారు అరవై ఐదుగురికి అది కిడ్నీ దాటి వెళ్ళి ఉండదు. వాళ్ళలో ఐదేళ్ళ తర్వాత బతికుండేవాళ్ళు నూటికి తొంభై పైనే. దూరం పాకాక దొరికినవాళ్ళలో, అంటే మామగారి బాపతు, ఇరవైమంది కూడా ఉండరు. అది చూసి మా ఆయన ఆ పూట కడుపునిండా అన్నం తిన్నారు.

నాకు మాత్రం ఇంకో వరుస మీద కన్ను పడింది. 1970ల నుంచి 2000ల చివరిదాకా కేసులు పెరుగుతూనే పోయాయి. ఆ పెరుగుదల చాలావరకు మొదటి దశదే. తొందరగా పట్టుకుంటున్నప్పుడు ముదిరి వచ్చేవాళ్ళు ఆ మేరకు తగ్గాలిగా? తగ్గలేదు. చావులు తగ్గుతున్నాయి గానీ నెమ్మదిగా, దానికీ కొంత కారణం కొత్త మందులు. పెరిగినదాంట్లో లావు, బీపీల వల్ల నిజంగా పెరిగింది కొంత ఉంది. సీటీలు ఎక్కువై, బయటపడకపోయినా ఏ హానీ చేయనివి బయటపడటం కొంత.

ఐదేళ్ళ లెక్కలో ఇంకో తిరకాసుంది. పదో తరగతి పిల్లలకైతే ఇలా చెప్తాను. విజయవాడ వెళ్ళే బండిని ఒకడు తునిలో ఎక్కాడు, ఒకడు రాజమండ్రిలో. దిగేది ఇద్దరూ ఒకే క్షణాన. తునివాడు ఎక్కువసేపు ప్రయాణం చేశాడంటే బండి వాడికోసం నెమ్మదిగా నడిచిందని కాదు. జబ్బు ముందుగా కనిపిస్తే చాలు, చావు తేదీ ఒక్కరోజు జరక్కపోయినా, బతికిన ఏళ్ళు కాగితం మీద పెరుగుతాయి.

మరి నా ఆపరేషన్ నన్ను బతికించిందా, లేక నా గడ్డ ఊరికే పడి ఉండే రకమా? చెకప్‌కి వెళ్ళినప్పుడు సర్జన్‌నే అడిగాను. ఆయన నవ్వి, "తీసేశాక ఇంక ఎలా తెలుస్తుందమ్మా" అన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది. తీయించుకున్నందుకు బాధ లేదు. మామగారిని చూసిన ఇంట్లో, దాన్ని కడుపులో పెట్టుకుని స్కానింగులకి తిరిగే గుండె నాకు లేదు. బీపీ అదుపులో పెట్టుకోమన్నారు, ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోవద్దన్నారు, చెప్పినప్పుడల్లా వచ్చి సీటీ తీయించుకోమన్నారు. అంతే.

నాకిలా అయ్యిందనగానే చుట్టాలంతా స్కానింగ్ సెంటర్ల బాట పట్టారు. మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించినా, నొప్పి లేకపోయినా, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కానీ ఏ లక్షణమూ లేనివాళ్ళందరికీ స్కానింగ్ చేయమని డాక్టర్లే చెప్పడం లేదని నా గోల. మా తమ్ముడికి సిగరెట్ మానరా అని చెప్పాను. అది మానలేదు గానీ, మాస్టర్ చెకప్ ప్యాకేజీ కట్టించుకున్నాడు. కిడ్నీలో చిన్న సింపుల్ సిస్ట్ ఉందని వచ్చింది. వయసు పైబడ్డవాళ్ళలో చాలామందికి ఉండే నీటిబుడగ అది, ఏమీ చేయక్కర్లేదని డాక్టరు రాసిచ్చారు. అయినా టెన్షన్‌తో సిగరెట్లు రెండెక్కువే కాలుస్తున్నాడని మా మరదలు ఫోన్లో చెప్పింది.